ముందు కప్పు, తరువాతే సౌరఫలకం

మన సంస్థ క్వార్టర్లలో ముప్పై ఏళ్ళకు పైగా కాపురమున్న నాబోటి వారికి ఒక వింత అలవాటు ఏర్పడుతుంది. విద్యుత్తును ఉత్పత్తి చేసే కర్మాగారంలో పగలంతా పనిచేసి, సాయంత్రం ఇంటికి రాగానే ఆ విద్యుత్తుకు ఒక వెల ఉన్నదన్న సంగతి మరచిపోతాము. జీతం చీటీలో ఎక్కడో ఒక చిన్న మొత్తం కోత పడుతుంది. దానిని వెదికి చదివే ఓపిక ఎవరికీ ఉండదు. వరండాలో దీపం తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. పదవీ విరమణ పొంది, సొంత ఇంటికి చేరి, మొదటి వేసవి బిల్లు చేతికి వచ్చిన రోజున గాని గోడకు మీటరు అనేది ఒకటి ఉన్నదని తెలియదు.

నా సర్వీసు ఇక కొద్దిపాటిదే మిగిలింది. నాతోపాటు విరమణకు దగ్గరైన మిత్రులు చాలామంది ఇళ్ళు కట్టుకుంటున్నారు, లేదా కట్టిన ఇళ్ళకు మరమ్మతులు చేయిస్తున్నారు. క్యాంటీనులో భోజనాల వేళ వారు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, మీరు సోలార్ పెట్టించారు గదా, మమ్మల్ని ఎన్ని కిలోవాట్లు పెట్టించమంటారు?" వెంటనే నేను, "మీ ఇంటి కప్పు ఎలా ఉంది?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. చాలామంది నవ్వుతారు. మాట మారుస్తున్నానని కొందరు అనుకుంటారు. ఆ ఎదురు ప్రశ్న వెనుక మా ఇంటి కథ ఒకటి ఉన్నది. అది నా పొరపాట్ల కథ కనుక చెప్పడానికి కొంత సంకోచం లేకపోలేదు.

మాది నంద్యాల ప్రాంతపు పల్లె. నేను పుట్టి పెరిగినది మట్టి మిద్దెలో. రెండడుగుల మందాన రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన నాపరాళ్ళు, వాటిపైన అడుగుకు మించిన మట్టి, అన్నిటికీ పైన చవుడు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు తెచ్చి పరిచేవారు. వంటింటి పొగ పోవడానికి, వెలుగు రావడానికి కప్పులో ఒక గవాచి ఉండేది. ఆ మిద్దెను నేను పొగడబోవడం లేదు. శ్రావణంలో అది కారేది. దూలాలకు చెదలు పట్టేవి. దంతెల సందున తేళ్ళు ఉండేవి. పగటి పూట కూడా లోపలి గదిలో దీపం కావలసి వచ్చేది. అందుకే 2012లో, కొంత పొదుపుతో, కొంత గృహ నిర్మాణ ఋణంతో, నంద్యాలలో తల్లిదండ్రుల కొరకు ఒక కాంక్రీటు ఇల్లు కట్టించాను. పన్నెండు వందల చదరపు అడుగులు, ఒకే అంతస్తు, మీద బోడి శ్లాబు. తరువాత ఎప్పుడైనా మేడ వేసుకోవచ్చునని స్తంభాల చువ్వలు పైకి వదిలి ఉంచాము. మన ఊళ్ళలో ఏ మిద్దె మీద చూచినా తుప్పు పట్టిన ఆ చువ్వలే ఆకాశం వైపు చూస్తుంటాయి. మేడ రాదు, శ్లాబుకు నీడా రాదు.

2019 మే నెలలో సెలవు మీద వెళ్ళాను. అప్పటికి నాన్నగారు లేరు. అమ్మ, తమ్ముడి కుటుంబం ఆ ఇంట్లో ఉంటున్నారు. రాత్రి పదిగంటలకు చూస్తే అమ్మ తన గదిలో లేదు. నులక మంచం వరండాలోకి ఈడ్చుకొని, తడి తువాలు మీద కప్పుకొని పడుకొని ఉంది. ఆమెకు అప్పుడు డెబ్బై ఆరేళ్ళు. అంతకు ముందు వారమే వడదెబ్బ లక్షణాలతో రెండు రోజులు సెలైన్ ఎక్కించవలసి వచ్చిందని మరదలు ఆ రాత్రి చెప్పింది. నాకు ఫోనులో చెప్పవద్దన్నదట అమ్మ. ఎండలో బయటకు వెళ్ళావా అని అడిగాను. "ఎండలోకి పోయింది లేదు నాయనా, ఎండే నా మంచం మీదికి వస్తాంది" అన్నది. ఇంకొక మాట కూడా అన్నది: "ఏమి ఇంజనీరువో గాని, ఆ పాత మిద్దెలో ఈ బాధ లేకపోయె."

ఆ రాత్రి ఆమె గదిలో నేను పడుకున్నాను. ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతున్నది. తిరిగే కొద్దీ పైనుంచి వేడిగాలిని తెచ్చి మొహాన కొడుతున్నది. కుర్చీ వేసుకొని నిలబడి కప్పుకు అరచేయి ఆనించాను. సూర్యాస్తమయమై మూడున్నర గంటలు గడచినా అది జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా ఉన్నది.

నా ఉద్యోగ జీవితంలో సింహభాగం బాయిలరు నిర్వహణలో గడిచింది. అధిక పీడనంతో, ఐదు వందల డిగ్రీలకు పైబడిన వేడితో ఆవిరి ప్రవహించే గొట్టాలకు మినరల్ ఊల్ చుట్టి, మీద అల్యూమినియం రేకు తొడుగుతాము. దానిని లాగింగ్ అంటామని మన పాఠకులలో చాలామందికి తెలుసు. పై రేకు వేడి అరవై డిగ్రీలు దాటకూడదని సాధారణ నియమం. ఎక్కడైనా మూరెడు లాగింగ్ ఊడి గొట్టం బయటపడి కనిపిస్తే, సంబంధిత విభాగానికి కాగితం పంపేవరకు నాకు నిద్రపట్టేది కాదు. అటువంటివాడిని, మిట్ట మధ్యాహ్నం దాదాపు ఆ అరవై డిగ్రీలకే చేరుకునే శ్లాబును, ఏ తొడుగూ లేకుండా కన్నతల్లి తల మీద పెట్టి వచ్చాను.

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు గల గది కప్పు వైశాల్యం సుమారు 13.4 చదరపు మీటర్లు. నాలుగంగుళాల బోడి కాంక్రీటు శ్లాబు గుండా, లోపలికీ వెలుపలికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, ప్రతి చదరపు మీటరుకు 3.3 వాట్ల వేడి దిగుతుంది. వేసవి ఎండను కూడా కలుపుకొని ఆ తేడాను 25 డిగ్రీలుగా తీసుకుందాము. అంటే ఒక్క గదిలోకి దిగే వేడి 1,100 వాట్లు. మరొక విధంగా చెప్పాలంటే, ఆ గది కప్పుకు ఒక ఇస్త్రీపెట్టెను బోర్లా వేలాడదీసి, ఆపకుండా స్విచ్చి వేసి ఉంచినట్లు. దాని క్రింద ఫ్యాను పెట్టుకొని, అది చాలక ఏసీ పెట్టుకొని, ఆ ఏసీకి కరెంటు కొరకు సౌరఫలకం పెట్టుకుంటున్నాము.

కాంక్రీటుకు మరొక గుణం ఉన్నది. అది వేడిని త్రాగి, వెంటనే కాక, గంటల తరబడి నెమ్మదిగా క్రక్కుతుంది. మధ్యాహ్నం పట్టిన ఎండ సాయంత్రానికి గదిలో దిగడం మొదలై అర్ధరాత్రి దాకా దిగుతూనే ఉంటుంది. బయట గాలి చల్లబడిన తరువాత కూడా ఇల్లు చల్లబడదు. ఈ ఒక్క విషయం నాకు ఆ రాత్రి చేతికి తగిలి అర్థమయింది గాని, దాని పర్యవసానం అర్థం కావడానికి మరి రెండేళ్ళు పట్టింది.

ఎందుకంటే నేను తరువాత చేసిన పని సరైనది కాదు. మరునాడే అమ్మ గదికి ఒకటిన్నర టన్నుల ఏసీ కొన్నాను. ఆ శీతాకాలంలో మూడు కిలోవాట్ల సౌరఫలకాలు పెట్టించాను. సబ్సిడీ పోను మిగిలినది నా భవిష్య నిధి నుండి తీశాను. పునరుత్పాదక ఇంధనం మీద సాంకేతిక సదస్సులలో ఉపన్యాసాలు విన్నవాడిని. ఇంటి మీద నీలి ఫలకాలు మెరుస్తుంటే ఒక విధమైన గర్వం కలిగిన మాట నిజం.

సౌరఫలకాల గురించి నేను కష్టపడి నేర్చుకున్న సంగతులు మూడు నాలుగు ఉన్నాయి. అమ్మేవారు వాటిని చెప్పరు.

మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ఫలకాలకు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. సగటున రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. ఎండ ఎక్కువగా ఉన్న మే నెలలోనే అన్నిటికన్నా ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. ఫలకానికి వెలుగు కావాలి గాని వేడి అక్కరలేదు. దాని సామర్థ్యాన్ని 25 డిగ్రీల వద్ద కొలిచి చెబుతారు. ఆపైన ప్రతి డిగ్రీకి మూడింట ఒక శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. మే మధ్యాహ్నం ఫలకం 65 డిగ్రీలకు చేరితే పదమూడు, పధ్నాలుగు శాతం ఆవిరి. అందుచేత ఫలకాలను శ్లాబుకు అంటించినట్లు కాక, క్రింద గాలి ఆడేటట్లు ఎత్తుగా బిగించాలి. అలా బిగిస్తే వాటి నీడ శ్లాబుకు కూడా ఉపకరిస్తుంది. దక్షిణ ముఖంగా, ఇంచుమించు మన అక్షాంశమంత వాలు, అంటే మా ఊరికి పదిహేను డిగ్రీలు ఇస్తే చాలు. దుమ్ము తుడవక వదిలేస్తే ఉత్పత్తి పడిపోవడం మీటరులోనే కనిపిస్తుంది. మా తమ్ముడి కొడుకు ప్రతి ఆదివారం ఉదయం, ఫలకాలు వేడెక్కక ముందే, నీళ్ళు పోసి తుడుస్తాడు. దానికి వాడికి నా వైపు నుంచి జీతం ఉన్నది.

రెండవది నీడ. వాస్తు ప్రకారం నీళ్ళ ట్యాంకును నైరుతి మూలన ఎత్తుగా కట్టించాము. సాయంత్రం మూడు దాటితే ఆ ట్యాంకు నీడ ఈశాన్యం వైపు సాగుతుంది. సరిగ్గా ఆ దారిలోనే మా ఫలకాల వరుస మొదటిది ఉన్నది. ఫలకాలను ఒకదానికొకటి దండ గుచ్చినట్లు కలుపుతారు కనుక, ఒక్క ఫలకం మీద పడిన నీడ వరుస మొత్తాన్ని కుంటుపరుస్తుంది. ఆరు నెలల తరువాత ఆ వరుసను విప్పించి జరిపించవలసి వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు వాస్తు పండితుడితో నాలుగు సాయంత్రాలు కూర్చున్నాము. సూర్యుడి గమనం కొరకు ఒక్క సాయంత్రం కేటాయించి ఉంటే ఈ ఖర్చు తప్పేది.

మూడవది వింటే చాలామంది నిరుత్సాహపడతారు. బ్యాటరీ లేకుండా లైనుతో కలిపి పనిచేసే సాధారణ సౌరవ్యవస్థ, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. నడినెత్తిన సూర్యుడున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. అది లోపం కాదు. తీగ మీద పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణానికి రక్షణ. మన ఇంటి కరెంటు ఆ తీగలోకి ఎదురు ప్రవహిస్తే అతని గతి ఏమిటి? ఇది తెలియక మా మరదలు, "బావగారూ, ఇన్ని డబ్బులు పోసి పెట్టించిన సోలారు కరెంటు పోయినప్పుడే పనిచేయకపోతే ఎందుకండీ?" అని ఫోను చేసింది. ప్రశ్న న్యాయమైనదే. కోత ఎక్కువగా ఉండే చోట బ్యాటరీతో కూడిన మిశ్రమ వ్యవస్థను ఎంచుకోవాలి. దానికి ఖర్చు హెచ్చు, బ్యాటరీ కొన్నేళ్ళకు మార్చవలసి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సౌరఫలకాలు పెట్టిన తరువాత బిల్లు తగ్గింది. కాని నేను వేసుకున్న లెక్కలో సగమే తగ్గింది. ఎందుకో తెలుసుకుందామని 2021 వేసవిలో, గంటగంటకు మీటరు రీడింగు వ్రాసి పంపమని తమ్ముణ్ణి వారం రోజులు వేధించాను. ఆ కాగితం ముందు పెట్టుకొని కూర్చుంటే ఒక బొమ్మ కట్టింది. ఫలకాలు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు కరెంటునిస్తున్నాయి. ఇంట్లో వాడకం రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారు జాము వరకు పెరుగుతున్నది. శ్లాబు తాను పగలు త్రాగిన వేడిని రాత్రి క్రక్కుతున్నది. దానిని తోడిపోయడానికి రెండు గదులలో ఏసీలు రాత్రంతా నడుస్తున్నాయి. ఒకే సూర్యుడు ఒకే కప్పు మీద రెండు పనులు చేస్తున్నాడు. పగలు ఫలకానికి ఇస్తున్నాడు, రాత్రికి శ్లాబు ద్వారా అంతా వసూలు చేసుకుంటున్నాడు.

నెట్ మీటరు ఉన్నది గదా, పగలు లైనుకు ఇచ్చినది రాత్రి తిరిగి తీసుకుంటాము, నష్టమేమిటి అని అడగవచ్చు. బిల్లు వరకు అది నిజం. కాని రాత్రి తొమ్మిదికి మనం తిరిగి తీసుకునే యూనిట్టు మనం పగలు ఇచ్చిన యూనిట్టు కాదు. దానిని ఆ క్షణాన ఎవరో ఒకరు తయారు చేయాలి. ఆ ఎవరో ఒకరు మనమే. 2024 మే 30న దేశంలో విద్యుత్ గిరాకీ 250 గిగావాట్లకు చేరినప్పుడు పగటి భారంలో పెద్ద భాగాన్ని సూర్యుడు మోశాడు. కంట్రోలు రూములో కూర్చున్నవారి గుండె కొట్టుకునేది మాత్రం సూర్యుడు దిగిపోయి, ఏసీలు దిగని వేళలో. ఆ ఒక్కొక్క యూనిట్టు కొరకు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు మన బాయిలర్లలో కాలాలి. మా ఇంటి కప్పుకు తొడుగు లేకపోవడం వలన రాత్రి షిఫ్టులో నా తోటివారే నాలుగు పారల బొగ్గు అదనంగా కాల్చవలసి వస్తున్నదని గ్రహించిన రోజున, నా నీలి ఫలకాల గర్వం కొంత దిగింది.

ఆ సంవత్సరం వానలకు ముందు కప్పు పని పెట్టించాను. మొదట శ్లాబులోని బీటలు పూడ్చి, నీరు దిగకుండా పూత వేయించాము. ఈ మెట్టు దాటవేస్తే తరువాత చేసినదంతా వృథా. దాని మీద రెండంగుళాల మందపు ఎక్స్‌పీఎస్ నురుగు పలకలు పరిచాము. గట్టిగా ఉంటాయి, నీరు పీల్చవు. వాటిపైన సన్నని ఇనుప వల వేసి కాంక్రీటు పొర పోసి, అన్నిటికీ మీద తెల్ల పింగాణీ పలకల ముక్కలు అతికించారు. మేస్త్రీ మొదట ఒప్పుకోలేదు. "శ్లాబు మీద దూది పరుపు వేస్తారా సార్ ఎవరైనా?" అన్నాడు. ఆవిరి గొట్టాల సంగతి చెప్పి ఒప్పించాను.

ఆ రెండంగుళాల పలకతో, ముందు చెప్పిన 3.3 వాట్లు అర వాటుకు దిగుతుంది. గది కప్పు నుండి దిగే 1,100 వాట్ల వేడి 170 వాట్లవుతుంది. పైన తెలుపు ఉండటం వలన అసలు శ్లాబు వేడెక్కడమే తగ్గుతుంది కనుక అంతకంటె తక్కువే. మెరుగు లేని బూడిదరంగు కాంక్రీటు తన మీద పడిన ఎండలో మూడింట రెండు వంతులు మింగుతుంది. శుభ్రమైన తెలుపు ఇంచుమించు మూడు వంతులు త్రిప్పికొడుతుంది. నీరు కారకుండా కొందరు వేయించే నల్లటి తారు పొర అన్నిటికంటె చెడ్డది.

కర్మాగారంలో బేరింగుల వేడి చూచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వంటిది సొంతంగా ఒకటి కొన్నాను. కప్పు పనికి ముందు మే నెలలో ఒక రాత్రి తొమ్మిది గంటలకు అమ్మ గది కప్పు 41 డిగ్రీలు చూపింది. మరుసటి మే నెలలో అటువంటి ఎండరోజునే, అదే గంటకు 34. ఏడు డిగ్రీలేనా అంటారేమో. శరీరం వేడి కన్నా ఎక్కువగా ఉన్న కప్పు మనలను కాలుస్తుంది; దానికన్నా తక్కువగా ఉన్న కప్పు మన వేడిని తీసుకుంటుంది. ఆ గీతకు ఇటు నుంచి అటు దాటాము. రాత్రంతా నడిచిన ఏసీ ఇప్పుడు పడుకోబోయే ముందు రెండు మూడు గంటలు నడిచి ఆగుతుంది.

ఖర్చు గురించి దాపరికం లేకుండా చెప్పాలి. సబ్సిడీ పోను ఫలకాలకు నేను పెట్టినంతా కప్పుకు కూడా అయింది. పైగా కప్పుకు సబ్సిడీ లేదు, మెరుపు లేదు, బంధువులకు చూపించడానికి ఏమీ లేదు. అంత పెట్టలేనివారికి ఒక మార్గం ఉన్నది: ఏటా మార్చి నెలలో శ్లాబు మీద చిక్కగా తెల్ల సున్నం రెండు పూతలు. వానలకు పోతుంది, మళ్ళీ వేయాలి. కాని ఖర్చులో పదోవంతుకు మేలులో సగం వస్తుంది. పాత రోజులలో మిద్దెల మీద మట్టి కుండలు వరుసగా బోర్లించి సున్నపు గచ్చు వేసేవారు. కుండలోని గాలే అక్కడ నురుగు పలక పని చేసేది. గది లోపల జిప్సం కప్పు కట్టించుకునే ఆలోచన ఉన్నవారు మాత్రం ఒకటి గమనించాలి. అది వేడిని శ్లాబు లోనికి రానిచ్చిన తరువాత అడ్డుకుంటుంది. గొడుగును చొక్కా లోపల తొడుక్కున్నట్లు.

ప్రభుత్వాలు కూడా ఈ సంగతి ఆలస్యంగానైనా పట్టించుకున్నాయి. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 డిసెంబరులో నివాస గృహాల కొరకు ఎకో నివాస్ సంహితను విడుదల చేసింది. కప్పు గుండా దిగే వేడి, చదరపు మీటరుకు డిగ్రీకి 1.2 వాట్లకు మించరాదని అందులో ఉన్నది. మన బోడి శ్లాబు దానికి దాదాపు మూడు రెట్లు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి, ఆరు వందల చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకు దానిని తప్పనిసరి చేసింది. మన ఇళ్ళు చాలా వరకు రెండు వందల గజాలవి కనుక నిర్బంధం మనదాకా రాదు. ఎండకు ఆ మినహాయింపు తెలియదు.

ఇంకా పునాది దశలో ఉన్న మిత్రులకు నాకంటె ఎక్కువ అవకాశాలున్నాయి. ఇంటి పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు పడమరలకు ఉండేలా చూచుకోవాలి. దక్షిణపు ఎండకు మనం అనవసరంగా భయపడతాము. వేసవిలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి మీదుంటాడు కనుక, దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ చాలు. మా అక్షాంశంలో మే తొలి రోజుల నుంచి ఆగస్టు రెండవ వారం దాకా సూర్యుడు మధ్యాహ్నం వేళ కొంచెం ఉత్తరానికే ఉంటాడు. అందుకని ఉత్తరపు కిటికీకి నీడ అక్కరలేదన్న పుస్తకపు మాట మనకు చెల్లదు. అసలు శత్రువు పడమర. వాలు ఎండకు సన్‌షేడ్ ఏమీ చేయలేదు. వాస్తు రీత్యా ఇంటి యజమానికి కేటాయించే నైరుతి గదే సాయంత్రానికి అన్నిటికన్నా వేడెక్కేది. శాస్త్రాన్ని కాదనలేనివారు ఆ పడమటి గోడకు కిటికీ మానుకొని, అటు ఒక వేపచెట్టు నాటితే ఇద్దరికీ తృప్తి.

గోడల విషయంలో లారీ బేకర్ పేరు చెప్పకుండా ఉండలేను. 1917లో ఇంగ్లండులో పుట్టి, 1945లో కుష్ఠురోగుల సేవాసంస్థ తరఫున భారతదేశానికి వచ్చి, కేరళలో స్థిరపడి, 2007లో అక్కడే కన్నుమూసిన వాస్తుశిల్పి ఆయన. ఇటుకలను పడుకోబెట్టక అంచు మీద నిలబెట్టి, మధ్యలో మూడంగుళాల ఖాళీ వదిలి కట్టే ర్యాట్ ట్రాప్ బాండ్ పద్ధతిని ఆయన విరివిగా వాడారు. తొమ్మిదంగుళాల గోడ వస్తుంది, ఇటుకలో నాలుగో వంతు ఆదా అవుతుంది, లోపలి గాలిపొర వేడిని అడ్డుకుంటుంది. మన థర్మల్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుకలతో కూడా ఇలా కట్టవచ్చు. అలవాటున్న తాపీపనివారు దొరకడమే కష్టం. ముందుగా ఒక ప్రహరీగోడ కట్టించి చేయి తిరిగిన తరువాత ఇంటి గోడకు పిలవండి.

నీళ్ళ వేడికి సౌరహీటరు నిస్సందేహంగా మంచిది. వంద లీటర్ల నీటిని 25 నుంచి 50 డిగ్రీలకు కాచడానికి సుమారు మూడు యూనిట్లు కావాలి. అంత పనిని సూర్యుడు నేరుగా చేయగలిగినప్పుడు మధ్యలో కరెంటు ఎందుకు? మా సీమలో వలె ఉప్పునీరు ఉన్నచోట సన్నని రాగి గొట్టాల రకం త్వరగా పూడుకుపోతుంది. గాజు గొట్టాల రకం తీసుకొని ఏడాదికొకసారి శుభ్రం చేయించుకోవాలి.

ఫ్యాన్ల గురించి ఒక్క లెక్క. పాత ఫ్యాను 75 వాట్లు. బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను సుమారు 30. నాలుగు ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరిగితే ఆదా 2.7 యూనిట్లు. దాదాపు 700 వాట్ల సౌరఫలకం రోజంతా చేసే పని అది. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు కూడా నక్షత్రాల చీటీ తప్పనిసరి అయింది కనుక దుకాణంలో చూచి తీసుకోవడం తేలిక. మా వైపు, తెలంగాణలో, గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలలలో సాధారణపు ఎయిర్ కూలరు ఏసీ చేసే పనిని చాలా వరకు చేస్తుంది. విశాఖపట్నంలో స్థిరపడబోయే మిత్రులు కూలరు కొనవద్దు. అక్కడి తేమలో అది ఉక్కపోతను పెంచుతుంది. అక్కడ ఎదురెదురు కిటికీలే దిక్కు.

ఇక క్యాంటీను ప్రశ్నకు నా జవాబు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం క్రింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. తీసుకోవలసినదే. కాని ఎన్ని కిలోవాట్లో నిర్ణయించే ముందు ఒక వేసవి ఆగండి. మార్చిలో కప్పుకు సున్నమైనా వేయించి, ఫ్యాన్లు మార్చి, మే, జూన్ బిల్లులు చూడండి. నేను ఆ వరుసలో వెళ్ళి ఉంటే మూడు కిలోవాట్లకు బదులు రెండు సరిపోయేవి, రెండవ ఏసీ కొనే అవసరమే ఉండేది కాదు.

నిరుడు మే నెలలో మళ్ళీ సెలవు మీద వెళ్ళాను. అమ్మ మంచం తన గదిలోనే ఉన్నది. ఏసీ శబ్దానికి నిద్రపట్టదంటూ పదింటికే ఆపించి, ఫ్యాను క్రింద పడుకుంటున్నది. ఒక్క ఫిర్యాదు మిగిలింది. సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీ నుంచి ఎండ ఆమె కాళ్ళ మీద పడుతుంది. 2012లో ఆ కిటికీ పెట్టించినది నేనే. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండ మళ్ళీ వెలుపలికి పోదు కనుక, కిటికీకి బయటివైపున వట్టివేళ్ళ తడిక కట్టించమని తమ్ముడికి చెప్పి వచ్చాను. ఈలోగా అమ్మ తన పాత నేత చీర ఒకటి లోపలివైపు కట్టుకున్నదట. అది చాలు, తడిక వద్దంటున్నది. సరే, చీరే ఉండనీ. దసరాకు వెళ్ళినప్పుడు దానిని విప్పి అద్దానికి బయట కట్టి వస్తాను.